టూటర్ మామ వాళ్ళ ముసల్ది

శనివారం పొద్దున ఏడయ్యేసరికి వంటింటి బల్ల మీద ఉప్పు సీసా పెట్టడానికి కూడా చోటు లేదు. బల్లంతా జోకులు పరిచి ఉన్నాయి.

ముప్పై ఒక్క ఏళ్ళ జోకులు. ఓర్వల్ ప్రూయిట్ వాటిని అరచెయ్యంత అట్టముక్కల మీద పెన్సిల్‌తో రాసుకుని రెండు బూట్ల పెట్టెల్లో దాచుకున్నాడు. ఇప్పుడు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కొక్కటే తీసి పెదవులు కదుపుతూ చదివి, కుడివైపో ఎడమవైపో పెడుతున్నాడు. కుడివైపు గుట్ట కాఫీ కూజా ఎత్తు లేచింది. ఎడమవైపు పదకొండు కార్డులే ఉన్నాయి.

కుడివైపువన్నీ పెళ్ళాం మీద జోకులు.

డెల్ఫా పొయ్యి దగ్గర నిలబడి గ్రేవీ కలుపుతోంది. వెనక్కి తిరగలేదు. బుధవారం సాయంత్రం ఆమె చెప్పింది ఒకే మాట. ఈ శనివారం నుంచి షోలో స్టేజీ మీద తన గురించి ఒక్క ముక్క మాట్లాడినా తను మళ్ళీ ఆ షో ఆడే కొట్టంలో అడుగు పెట్టనంది. ఎందుకని ఓర్వల్ అప్పుడే అడిగాడు. గురువారం మళ్ళీ అడిగాడు. శుక్రవారం అడగడం మానేశాడు. మూడు రోజులుగా ఆ ఇంట్లో కుక్కకి తిండి పెట్టావా, వెనక తలుపు గడియ వేశావా అన్నవి తప్ప మాటల్లేవు.

ఎడమవైపు కార్డుల్లో తొమ్మిది కంచరగాడిద మీద జోకులు. ఒకటి చర్చి ఫాదరు మీద. మిగిలినదాన్ని ఓర్వల్ రెండుసార్లు చదివాడు కానీ, అందులో నవ్వు ఎక్కడుందో ఆయనకే గుర్తు రాలేదు.

"మీ అమ్మ మీద చెప్పుకోవచ్చా?" అన్నాడు చివరికి.

"మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది."

"నా జోకుల్లో ఇంకా పోలేదు."

డెల్ఫాకి నవ్వొచ్చింది. అది కనబడకుండా ఒంగి పొయ్యి తలుపు తెరిచింది. లోపల కాలుతున్న మెత్తటి బన్నుల్లాంటి బిస్కట్లు ఇంకా ఎర్రబడలేదని తెలిసినా అవసరానికి మించి అక్కడే ఒంగి ఉండిపోయింది. ఈ మనిషితో వచ్చిన చిక్కే ఇది. కోపం గట్టిగా పట్టుకోనివ్వడు.

ఓర్వల్ అది గమనించాడో ఏమో, గొంతు మెత్తబరిచాడు. మొదటి జోకు నీదే కదా అని గుర్తు చేశాడు. నలభై ఏడులో, వాళ్ళన్న వెర్లన్ గడ్డికొట్టంలో బెంచీలు వేసి షో మొదలుపెట్టిన మొదటి శనివారం, పాట మధ్యలో గిటారు తీగ తెగింది. తీగ మార్చేదాకా ఏదో ఒకటి చెప్పమని వెర్లన్ తమ్ముణ్ణి ముందుకి తోశాడు. ఓర్వల్‌కి ఏమీ తోచలేదు. ముందురోజు డెల్ఫా బిస్కట్లు మాడ్చి, వీటిని పెరట్లోకి విసిరితే కోళ్ళ కాళ్ళు విరుగుతాయని తనమీద తనే వేసుకున్న మాట ఒకటి గుర్తొచ్చింది. అది చెప్పాడు. నవ్వులకి కొట్టం కప్పు లేచిపోయింది. ఓర్వల్ స్టేజీ మీద వేసే టూటర్ మామ వేషం అప్పుడే పుట్టింది.

"ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నువ్వే. మూడో బెంచీలో కూర్చుని. నేను చూశాను."

"నవ్వాను."

"మరి?"

"నేను ఒకసారి నవ్వాను ఓర్వల్. నువ్వు ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పావు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆమె బిస్కట్లు తెచ్చి బల్ల ముందు నిలబడితే, కుడివైపు గుట్టని రెండు చేతులతో ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టి పళ్ళేనికి చోటు చేశాడు.

బయట కారు ఆగింది. వెర్లన్ కొడుకు డ్వైట్, వాడి భార్య రెనీటా. వెర్లన్ పోయిన ఈ నాలుగేళ్ళూ షో నడిపేది డ్వైటే. లోపలికి వస్తూనే బల్ల వంక, కిటికీ గట్టు వంక, పిన్ని మొహం వంక వరసగా చూసి, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెనీటా డెల్ఫా భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబడింది. ఆ పిల్ల షోలో పాడుతుంది. మంచి గొంతు.

మధ్యాహ్నం ఆటకి మూడు బస్సులు వస్తున్నాయని డ్వైట్ చెప్పాడు. ఒకటి అయోవా రాష్ట్రం నుంచి. వాళ్ళంతా ముసలివాళ్ళు, ఏటా వచ్చేవాళ్ళే. టూటర్ మామ స్టేజీ మీదికి రాగానే 'మీ ముసల్ది ఎలా ఉంది' అని అందరూ ఒకేసారి అరవడం వాళ్ళకి చర్చిలో ఆమెన్ అన్నంత అలవాటు. అది తీసేస్తే ఏం మిగులుతుందని అడిగాడు.

"కంచరగాడిద మిగిలింది," అన్నాడు ఓర్వల్.

డ్వైట్ నవ్వలేదు. "పిన్నీ, వాళ్ళు మూడొందల మైళ్ళు బస్సులో కూర్చుని ఎందుకొస్తారనుకున్నావు? వాళ్ళ ఊళ్ళో అన్నీ మారిపోయాయి. ఇక్కడొక్కచోటే ఏదీ మారలేదని చూసుకుందామని వస్తారు. అవే పాటలు, అవే జోకులు. బ్యాండులో డ్రమ్ములు పెట్టమని కుర్రాళ్ళు అడిగితేనే నేను వద్దన్నాను. అలాంటిది నువ్వు..."

"నేనేంటి?"

"నువ్వు మన ఇంటి పెద్దదానివి. పాతదాన్ని నువ్వే కాపాడాలి కదా."

డెల్ఫా వాడికి కాఫీ పోసింది. షో మొదలైన రోజుల్లో వీడికి రెండేళ్ళు. ఆట అయ్యేదాకా తన ఒళ్ళో నిద్రపోయేవాడు, చెవులు హోరెత్తిపోతున్నా కదిలేవాడు కాదు. ముప్పై మూడేళ్ళ వాడు ఇప్పుడు తాత మాట్లాడినట్టు మాట్లాడుతుంటే ముచ్చటగానే ఉంది.

"మారనిది చూడ్డానికి వస్తారు, సరే. ఆ మారనిదాంట్లో నన్నూ కలిపేశారు. కలిపేముందు నన్నెవరూ అడగలేదు," అంది.

డ్వైట్‌కి వెంటనే ఇంకో దారి తోచింది. అసలు పిన్ని మీద ఎందుకు, రెనీటా కడుపుకి దిండు కట్టుకుని, తెల్లజుట్టు పెట్టుకుని ముసల్ది వేషం వేస్తే సరిపోతుంది. అప్పుడు అది పిన్ని కాదు, వట్టి వేషం.

ఓర్వల్ బిస్కట్టు విరిచి గ్రేవీలో ముంచి, తినకుండా అలాగే పట్టుకున్నాడు.

"నేను పాట పాడతాను. దిండు కట్టుకోను," అంది రెనీటా. గొంతు పెంచలేదు. డ్వైట్ భార్య వంక చూసిన చూపులో, వాళ్ళ ఇంటికి వెళ్ళాక జరగబోయే సంభాషణ డెల్ఫాకి మాట మాటా వినబడింది.

పన్నెండున్నరకి ఓర్వల్, డెల్ఫా పికప్ ట్రక్కులో బయల్దేరారు. పీచ్ పళ్ళ మీద పిండి పరిచి కాల్చిన తీపి కాబ్లర్ ట్రేలు రెండు ఆమె ఒళ్ళో, తువ్వాలు చుట్టి, వెచ్చగా ఉన్నాయి. ఆట విరామంలో కాబ్లర్ అమ్మడం మొదట్నుంచీ ఆమె పని. ఆగస్టు ఎండకి దారి పక్క సీడరు చెట్లు మత్తుగా వాసన కొడుతున్నాయి. సరస్సు వంతెన దాటాక ఓర్వల్ ఆ మాట ఎత్తాడు.

"నేను చెప్పను. నీ మీద ఒక్కటి కూడా చెప్పను. అది అయిపోయింది. ఎందుకో మాత్రం చెప్పు డెల్ఫా. ఏం తప్పు చేశానో తెలియకుండా మానేస్తే, రేపు ఇంకో రకంగా అదే తప్పు చేస్తాను."

ఆమె ట్రే మీద తువ్వాలు సర్దింది. ఏప్రిల్‌లో అక్క క్లెటా పోయినప్పటి నుంచి ఆ మాట లోపలే ఉంది. బుధవారం అక్క పుట్టినరోజు. ఉండి ఉంటే డెబ్భై నిండేవి.

"క్లెటా పోయినప్పుడు శవపెట్టె పక్కన నిలబడ్డాను కదా, వచ్చినవాళ్ళంతా చెయ్యి కలిపి వెళ్తున్నారు. ఒకాయన వచ్చాడు. ఎవరో నాకు తెలీదు. నా చెయ్యి పట్టుకుని, నువ్వు టూటర్ మామ వాళ్ళ ముసల్దానివి కదా అన్నాడు. అని నవ్వాడు. వెనకున్నవాళ్ళు కూడా మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు."

"ఎవడు వాడు?"

"ఎవడైతేనేం. అది కాదు నన్ను తొలిచేస్తున్నది." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "నేనూ నవ్వాను ఓర్వల్. అక్క పక్కన నిలబడి, వాళ్ళతోపాటు నవ్వాను. అలవాటైపోయింది."

ట్రక్కు వేగం తగ్గింది. ఓర్వల్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి ఆమె వైపు చాపాడు. ట్రేలు ఒళ్ళో ఉండడంతో ఆ చేతికి అందింది తువ్వాలు అంచే. దాన్నే పట్టుకుని కొట్టం దాకా నడిపాడు.

రెండింటికి ఆట మొదలైంది. కొట్టం నిండిపోయింది. ఒకప్పుడు గడ్డి మోపులున్న అటక మీద కూడా జనం కూర్చున్నారు. బ్యాండు మొదటి పాట వాయించింది, రెనీటా రెండు పాటలు పాడింది. ఆ తర్వాత వదులు ప్యాంటు, దాన్ని భుజానికి పట్టుకున్న ఒకే పట్టీ, నుదుటి మీదికి లాగిన తాటాకు టోపీతో టూటర్ మామ స్టేజీ మీదికి వచ్చాడు.

"మీ ముసల్ది ఎలా ఉంది?" మూడు బస్సుల జనం ఒక్క గొంతుతో అరిచారు.

డెల్ఫా వెనక కాబ్లర్ బల్ల దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"బాగుంది," అన్నాడు ఓర్వల్.

జనం నవ్వారు. అసలు మాట వెనక వస్తుందని.

"ఆరోగ్యంగానే ఉంది. నిజంగానే."

నవ్వు కొంచెం తగ్గింది. ఓర్వల్ కంచరగాడిద కథ ఎత్తుకున్నాడు. మొదటిదానికి నవ్వారు. రెండోదానికి మర్యాదకి నవ్వారు. మూడోదాని మధ్యలో ఒకాయన లేచి మంచినీళ్ళ కోసం వెళ్ళాడు. అటక మీంచి ఎవరో, ముసల్ది సంగతి చెప్పవయ్యా అని కేక పెట్టారు. ఓర్వల్ అటు చూసి తలూపి, నాలుగో కంచరగాడిద మొదలుపెట్టాడు.

మెడ మీద చెమట ధారలు కట్టింది. టోపీ తీసి రెండు చేతుల్లో తిప్పుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన స్టేజీ మీద టోపీ తీయడం డెల్ఫా ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట చాలు. ఆమె వంట, ఆమె నడుము, ఆమె గురక, ఏదో ఒకటి అంటే ఈ జనమంతా మళ్ళీ ఆయన చేతిలోకి వచ్చేస్తారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. స్టేజీ పక్కన నిలబడి చేతులు పిసుక్కుంటున్న డ్వైట్‌కీ తెలుసు. అయినా ఆయన అనడం లేదు. కాళ్ళు దూరంగా పెట్టి, వానలో గొడ్డు నిలబడ్డట్టు నిలబడి, ఇచ్చిన మాట మీద ఉన్నాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. ఏదో చెయ్యాలనుకుని బయల్దేరలేదు. బెంచీల మధ్య దారిలో సగం దూరం వచ్చాక, తను నడుస్తున్నది స్టేజీ వైపని తెలిసింది. అప్పటికి జనం తిరిగి చూస్తున్నారు. వెనక్కి వెళ్ళడం ఇంకా సిగ్గు.

మెట్ల దగ్గర డ్వైట్ చెయ్యి అందించాడు, అడ్డుకోవాలో ఎక్కించాలో తెలియక. ఆమె ఆ చెయ్యి పట్టుకునే ఎక్కింది. మైకు మరీ ఎత్తుగా ఉంటే ఓర్వల్ కిందికి దించాడు.

"నేనే ఆ ముసల్దాన్ని," అంది.

బెంచీల మీదివాళ్ళు మెడలు చాచి చూశారు.

"ఇన్నేళ్ళుగా ఆ వెనక కాబ్లర్ పెడుతున్నాను. మీరంతా ఇక్కడ నా వంట మీద నవ్వుకుని, అటు వచ్చి నా చేతి వంటే తిని వెళ్తున్నారు. ఇంతమందిలో ఒక్కరికి కూడా భయం వెయ్యలేదా?"

మొదట ఒక ఆడమనిషి నవ్వింది. పకపకా, ఆపుకోలేక. ఆ వెంటనే ఆడవాళ్ళంతా. మగవాళ్ళు పక్కవాళ్ళ మొహాలు చూసుకుని, తర్వాత అందుకున్నారు.

డెల్ఫా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని మళ్ళీ మైకు దగ్గరికి జరిగింది. తన గురకకి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఈయన చెప్తాడు కదా, ఆ గురక ఎవరిదో ఆలోచించండి అంది. రాత్రంతా మేలుకుని ఉన్నది తను, అందుకే తనకి తెలుసు. నిద్రపోయినవాడికి ఏం తెలుస్తుంది? తను బరువున్న మాట నిజమేనని కూడా ఒప్పుకుంది. కాకపోతే తూచేటప్పుడు తను ఈయన్ని మోస్తోందనీ, అది తీసేసి లెక్క చూడమనీ అంది.

బెంచీల మీద జనం ముందుకీ వెనక్కీ ఊగిపోతున్నారు. బ్యాండులో బాంజో వాయించే అతను వాద్యం కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఓర్వల్ టోపీ మళ్ళీ తలకెక్కింది. ఎక్కడ అందుకోవాలో ఆయన ఒంటికి తెలుసు.

"అంత కష్టంగా ఉంటే ఇన్నేళ్ళూ వదిలిపోలేదేం?" అన్నాడు, టూటర్ మామ గొంతుతో.

"సంచి సర్దే ఉంది," అంది డెల్ఫా. "పొయ్యి వెనక. యాభై రెండు నుంచీ. ఈ శనివారం నువ్వు కొత్తది ఏం చెప్తావో విని పోదామని ఆగుతున్నాను."

నవ్వులతో కొట్టం పగిలిపోయింది. జనం లేచి నిలబడ్డారు. ఓర్వల్ అందరికంటే గట్టిగా నవ్వాడు, తొడ చరిచాడు, టోపీ విసిరి పట్టుకున్నాడు. పక్కనే ఉన్న డెల్ఫాకి మాత్రం, ఆయన కళ్ళు నవ్వడం లేదని కనబడింది.

విరామంలో కాబ్లర్ అరగంట కాకుండానే అయిపోయింది. ఆడవాళ్ళు ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఒకామె తన మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఇప్పుడు ఈయనకి చెప్పండి గురక సంగతి అంది. డ్వైట్ మొహం వెలిగిపోతోంది. వచ్చే వారం నుంచి పోస్టరు మీద 'టూటర్ మామ, వాళ్ళ ముసల్ది' అని వేయిస్తానన్నాడు. నాకో పేరుంది అంది డెల్ఫా. పేరే వేయిస్తానన్నాడు, అంతే తొందరగా. అలాగైతే డ్రమ్ముల సంగతి కూడా చూస్తారా అని వెనక నుంచి రెనీటా అడిగితే, వినబడనట్టు బస్సుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అందరూ బల్ల దగ్గర్నుంచి వెళ్ళాక సన్నటి ముసలాయన ఒకడు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఏటా వచ్చే మనిషే. బాగుందమ్మా అన్నాడు కానీ మొహం మాత్రం అలా లేదు. ఏమైందని ఆమె అడిగింది.

"మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇద్దరం వచ్చేవాళ్ళం. మీ ఆయన ముసల్ది అనగానే మా ఆవిడ నా డొక్కలో పొడిచేది. ఆ జోకులు వింటుంటే ఇంకా పక్కనే ఉన్నట్టుండేది," అన్నాడు. "నువ్వు చేసింది తప్పని కాదు."

డెల్ఫా ట్రే అడుగున మిగిలిన కాబ్లర్ గీకి ఆయన గిన్నెలో వేసింది. ఆయన తినేదాకా ఎదురుగా కూర్చుని, ఆవిడ పేరేంటని అడిగింది. బెర్నీస్ అట. నవ్వితే ఎక్కిళ్ళు వచ్చేవట. ఆయన చెబుతూ చెబుతూ తనే నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. డెల్ఫా బూట్లు విప్పేసి, వంటింట్లో చల్లటి నేల మీద ఒట్టికాళ్ళతో నడిచింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. టమాటాలు కోసింది, పొద్దున్నటి బిస్కట్లు వెచ్చబెట్టింది, తనకి తెలియకుండానే రెనీటా పాడిన పాట కూనిరాగం తీసింది. కిటికీ గట్టు మీది కార్డుల గుట్టని ఓర్వల్ తిరిగి బూట్ల పెట్టెలో సర్దాడు. పారేస్తాడేమో అనుకుంది. పారెయ్యలేదు. అదీ బాగానే అనిపించింది.

తిండి అయ్యేదాకా ఆయన ఆట ముచ్చట్లే చెప్పాడు. గురక మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చెప్పి ఉంటే ఇంకా పేలేదన్నాడు. వచ్చే వారం తనే ముందు గురక పెట్టి చూపిస్తానన్నాడు. ఆమె సరేనంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆయన పళ్ళెం పక్కకి జరిపి, బల్ల మీద వేలితో ఒక గీత గీశాడు.

"ఆ సంచి మాట," అన్నాడు. "అది అప్పటికప్పుడు తోచిందా?"

ఆమె పళ్ళేలు తీస్తున్నది ఆగింది.

పొయ్యి నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి వెనక చెయ్యి పెడితే తెలిసిపోతుంది. ఓర్వల్ అటు చూడలేదు. ఆమె వంకే చూస్తున్నాడు.

"కావాలంటే చూసుకో," అంది.

"చూడను. నువ్వే చెప్పు."

డెల్ఫా పళ్ళేలు బల్ల మీద పెట్టేసింది. తడిచేతులు తుడుచుకుని, ఎప్పుడూ కూర్చునే ఎదుటి కుర్చీలో కాక, ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. యాభై రెండులో ఆ సంచి నిజంగానే సర్దుకుంది, వదిలిపోదామని. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఆయనకేమీ తెలియదన్న ధీమాతోనే ఆ కాలమంతా గడిపేసింది. సగం మరిచిపోయింది కూడా. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఊరికే అడిగింది.

"యాభై రెండులో ఏం జరిగిందో అసలు నీకు తెలుసా ఓర్వల్?"

ఆయన ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తెలుసు," అన్నాడు. "అప్పుడే తెలుసు."